డర్హమ్ రైలు వంతెన: ఎత్తు బోర్డు చూసి కూడా ట్రక్కులు ఎందుకు గుద్దుకుంటున్నాయి?

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో డర్హమ్ అనే నగరం ఉంది. ఆ ఊరి నడిబొడ్డున సౌత్ గ్రెగ్సన్ స్ట్రీట్ అనే వన్‌వే రోడ్డును దాటుతూ ఒక రైలు వంతెన పోతుంది. 1940లో కట్టింది. రోడ్డు మీద నుంచి దాని ఎత్తు 2019 దాకా 11 అడుగుల 8 అంగుళాలు, అంటే 3.56 మీటర్లు. పైన నార్ఫోక్ సదరన్ గూడ్సు బండ్లు, ఆమ్‌ట్రాక్ ప్యాసింజర్ రైళ్లు తిరుగుతాయి. కింద కార్లు, డెలివరీ వ్యాన్లు, ఇల్లు మారేవాళ్లు అద్దెకు తీసుకునే పెట్టె ట్రక్కులు వెళ్తాయి. ఈ ట్రక్కుల్లో చాలా వాటి ఎత్తు 12 అడుగుల పైమాటే. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం మామూలు వాహనం 13 అడుగుల 6 అంగుళాల దాకా ఉండొచ్చు. చట్టం ఒప్పుకునే ఎత్తుకీ ఈ వంతెన ఇచ్చే ఎత్తుకీ మధ్య అప్పట్లో 22 అంగుళాల తేడా ఉండేదన్నమాట. వంతెన కట్టేనాటికి ఇంత ఎత్తు వాహనాలు ఆ వీధిలోకి వస్తాయని ఎవరూ లెక్క వెయ్యలేదు.

రోడ్డు సేఫ్టీ ఆడిట్లు చేసే నాలాంటి వాళ్లకు ఈ వంతెన ఒక అరుదైన కేసు. ఆ కూడలి పక్కనే ఒక ఆఫీసులో పనిచేసే యూర్గెన్ హెన్ 2008లో అక్కడ కెమెరా పెట్టి, జరిగినవి జరిగినట్టు రికార్డు చేస్తూ వచ్చారు. వందకు పైగా ఘటనలు వీడియోలో ఉన్నాయి. మామూలుగా మేం స్పాట్‌కి వెళ్లేసరికి బండి తీసేసి ఉంటుంది. పగిలిన గాజు ముక్కలు, దూలం మీద గీతలు, డ్రైవరు చెప్పిన మాట, ఇంతే మిగులుతాయి. ఇక్కడ మాత్రం ఒకే చోట, ఒకే కోణంలో, వేర్వేరు డ్రైవర్లు ఆఖరి కొన్ని సెకన్లలో ఏం చేశారో కళ్లారా చూడొచ్చు. బ్రేకు లైటు ఎప్పుడు వెలిగింది, అసలు వెలిగిందా, సిగ్నల్ ఏ రంగులో ఉంది అన్నీ కనిపిస్తాయి.

చాలామంది ఈ వీడియోలు నవ్వుకోవడానికి చూస్తారు. ట్రక్కు పైకప్పు చుట్టచుట్టుకుని లేచిపోతుంది కాబట్టి ఆ వంతెనకు క్యాన్ ఓపెనర్ అని పేరు కూడా పెట్టేశారు. నేను మాత్రం దీన్ని నవ్వుకునే విషయంగా తీసుకోలేను. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ దగ్గర 10 అడుగుల 9 అంగుళాల రైలు వంతెన ఒకటి ఉంది. 2010 సెప్టెంబర్‌లో దారి తప్పిన ఒక డబుల్ డెక్కర్ బస్సు తెల్లవారుజామున దాని కిందికి దూసుకెళ్లింది. బస్సు ఎత్తు 13 అడుగులు. నలుగురు ప్రయాణికులు చనిపోయారు. డ్రైవరు వాడుతున్నది కార్ల కోసం చేసిన జీపీఎస్. బండి ఎత్తు ఎంతో దానికి తెలియదు, దారిలో వంతెన ఎత్తు ఎంతో కూడా తెలియదు. డర్హమ్‌లో ఊడిపోయిన పైకప్పుకీ సిరక్యూస్‌లో పోయిన ప్రాణాలకీ కారణం ఒకటే. వాహనం వేగం, అందులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు అన్నదే తేడా.

వంతెనను ఎందుకు లేపలేదు?

ఈ కేసు చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇది. వంతెనను లేపండి, లేకపోతే రోడ్డును తవ్వండి అంటారు. రోడ్డును దించలేరు. ఎందుకంటే దాని కిందే పెద్ద మురుగునీటి పైపు వెళ్తోంది. వంతెనను లేపాలంటే ఆ ఒక్క స్పాన్‌ను జాకీలతో ఎత్తితే సరిపోదు. రైలు పట్టాకు వాలు చాలా తక్కువ ఉండాలి. ఇక్కడ అడుగు పైకి లేపితే అటూ ఇటూ చాలా దూరం పట్టాను కొద్దికొద్దిగా లేపుకుంటూ రావాలి. ఆ దూరంలో పక్క వీధుల లెవెల్ క్రాసింగులు వస్తాయి. పట్టా లేస్తే ఆ రోడ్లూ లేవాలి. మన దగ్గర ఆర్‌వోబీ (పట్టాల మీదుగా రోడ్డు వెళ్లే వంతెన), ఆర్‌యూబీ (పట్టాల కింద నుంచి రోడ్డు వెళ్లే వంతెన) పనులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక మీటరు ఎత్తు కోసం అరకిలోమీటరు పని పడుతుంది.

రైల్వే వాళ్లు ముందుగా చేసింది క్రాష్ బీమ్ పెట్టడం. వంతెనకు కొంచెం ముందు, అదే ఎత్తులో, బలమైన ఇనుప దూలం అడ్డంగా బిగించారు. ట్రక్కు వచ్చి ముందు దీన్ని కొడుతుంది, వంతెనకు దెబ్బ తగలదు. దీన్ని తప్పు పట్టను. పట్టా ఒక్క అంగుళం పక్కకు జరిగినా తర్వాత వచ్చే రైలు పట్టాలు తప్పొచ్చు. బ్రిటన్‌లో ఏటా పదిహేను వందలకు పైగా ఇలాంటి ఢీలు జరుగుతుంటాయి. అక్కడ ఢీ జరిగిందని ఫోన్ రాగానే మనుషులు వచ్చి వంతెనను చూసేదాకా రైళ్లను ఆపడమో, నెమ్మదిగా నడపడమో చేస్తారు. అందుకే అక్కడి వంతెనల మీద ఆ వంతెన నంబరు, ఫోన్ చెయ్యాల్సిన నంబరు రాసిన ప్లేటు ఉంటుంది. క్రాష్ బీమ్ రైలును కాపాడుతుంది. కానీ దాన్ని బిగించి ఇక పనైపోయింది అనుకుంటే ట్రక్కులో ఉన్నవాళ్లను ఎవరూ కాపాడనట్టే.

హెచ్చరికలు, వాటికి డ్రైవర్లు ఏం చేశారు

డర్హమ్‌లో బోర్డులకు కొదవ లేదు. వంతెనకు చాలా ముందు నుంచే ఎత్తు రాసిన బోర్డులు ఉన్నాయి. తర్వాత, ఎత్తైన బండి వస్తే మెరిసే పసుపు లైట్లు పెట్టారు. అయినా గుద్దుకోవడం ఆగలేదు. 2016లో ఇంకా గట్టి ఏర్పాటు చేశారు. వంతెనకు ముందు పీబాడీ స్ట్రీట్ కలిసే చోట సిగ్నల్ ఉంది. ఎత్తైన బండిని సెన్సర్ పట్టుకోగానే ఆ సిగ్నల్ ఎరుపుకు మారుతుంది. పక్కనే ఎల్‌ఈడీ బోర్డు వెలిగి, ఎత్తు మించిన వాహనం పక్కకు తిరగాలి అని ఇంగ్లీషులో చూపిస్తుంది. తిరగడానికి పీబాడీ స్ట్రీట్ అక్కడే ఉంది.

ఈ సెన్సర్లు ఎలా పనిచేస్తాయో తెలియని వాళ్ల కోసం ఒక మాట. రోడ్డుకు ఒక పక్క స్తంభం నుంచి ఇంకో పక్క స్తంభానికి, పరిమితి ఎత్తులో కంటికి కనిపించని కిరణం వెళ్తుంటుంది. దాన్ని అడ్డుకున్నది పరిమితి కంటే ఎత్తైనదన్నమాట. మంచి వ్యవస్థల్లో రెండు కిరణాలు ఉంటాయి. ఏది ముందు తెగిందో చూసి బండి ఎటు పోతోందో తెలుసుకుంటాయి. పక్షి ఎగిరినా, మంచు కురిసినా తప్పుడు హెచ్చరిక రాకుండా రోడ్డులో పాతిన లూప్‌తో (లోహపు బండిని పసిగట్టే తీగ చుట్టతో) సరిచూసుకునేవి కూడా ఉన్నాయి. కింద లోహపు బండి ఉండి, పైన కిరణం తెగితేనే లెక్క.

టెక్నాలజీ పరంగా 2016 ఏర్పాటులో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా ఢీలు జరిగాయి. ఎలా జరిగాయో వీడియోల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటి రకం డ్రైవరు పసుపు లైటు చూడగానే ఎరుపు పడేలోపు దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కుతాడు. అతన్ని ఆపడానికి వచ్చిన లైటే అతని వేగం పెంచింది. రెండో రకం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ డ్రైవరు ఎరుపుకు బుద్ధిగా ఆగాడు. ఎదురుగా బోర్డు వెలుగుతూనే ఉంది. పచ్చ లైటు పడింది. కదిలాడు, నేరుగా వెళ్లి దూలాన్ని కొట్టాడు.

ఈ డ్రైవరు అజాగ్రత్త మనిషి కాదు. సిగ్నల్‌కు ఆగాడు, పచ్చ పడ్డాకే కదిలాడు. కూడలిలో ఎర్ర లైటు అంటే నీ వంతు వచ్చేదాకా ఆగు అని డ్రైవింగ్ నేర్చుకున్న రోజు నుంచి మన ఒంట్లో ఉంటుంది. నీ బండి ఇందులో పట్టదు అని అదే లైటుతో చెప్పాలని చూస్తే, పాత అలవాటే గెలుస్తుంది. పైగా ఆ తర్వాత పచ్చ పడేసరికి, వెళ్లమని అధికారికంగా చెప్పినట్టే అవుతుంది. పక్కన బోర్డు తిరగమంటోంది, నెత్తి మీద సిగ్నల్ వెళ్లమంటోంది. రెండు మాటలు చెబితే డ్రైవరు తనకు అలవాటైన మాటే వింటాడు.

బోర్డులోని సమాచారం అతని దాకా ఎందుకు పోలేదన్నది దీనికంటే లోతైన ప్రశ్న. 11 అడుగుల 8 అంగుళాలు అన్న అంకె ఉపయోగపడాలంటే డ్రైవరు దగ్గర ఇంకో అంకె ఉండాలి, తన బండి ఎత్తు. అది చాలామంది దగ్గర ఉండదు. బ్రిటన్‌లో రైలు పట్టాలు, వంతెనలు చూసుకునే నెట్‌వర్క్ రైల్ సంస్థ అడిగి చూస్తే, బయలుదేరే ముందు బండి ఎత్తు కొలుచుకోవడం లేదని 43 శాతం లారీ డ్రైవర్లు ఒప్పుకున్నారు. వాళ్లు అదే వృత్తిగా బతికేవాళ్లు. అద్దె ట్రక్కు నడిపేవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అమెరికాలో 26,000 పౌండ్ల లోపు ట్రక్కును కారు లైసెన్సుతోనే నడపొచ్చు. ఏళ్ల తరబడి కారు మాత్రమే నడిపినవాడు ఒక శనివారం సామాను వేసుకుని ట్రక్కు ఎక్కుతాడు. వంతెన ఎత్తు గురించి ఆలోచించాల్సిన అవసరం అతనికి జీవితంలో అంతకు ముందు రాలేదు. ఎత్తు మించిన వాహనం అని బోర్డు అంటే, అది ఎవరో పెద్ద లారీ వాళ్లకు అనుకుంటాడు. అద్దంలో చూసుకుంటే తనకు తానింకా కారు డ్రైవరే.

మన లారీల్లో క్లీనర్ ఉంటాడు. అనుమానం వస్తే దిగి, ముందుకు నడిచి, తల పైకెత్తి చూసి, రా రా అనో ఆగమనో చెయ్యి ఊపుతాడు. హైదరాబాద్‌లో గణేశ్ విగ్రహాలు తీసుకెళ్లేటప్పుడు కర్ర పట్టుకుని వైర్లు లేపుతూ ముందు నడిచే కుర్రాళ్లు చేసేదీ ఇదే పని. ఎత్తు సంగతి చూసుకోవడానికే ఒక మనిషి ఉన్నాడక్కడ. డర్హమ్ ట్రక్కులో అలాంటి మనిషి లేడు. కాబట్టి ఆ పని రోడ్డే చెయ్యాలి.

టైము లెక్క

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వెయ్యడానికి డిజైన్ లెక్కల్లో రెండున్నర సెకన్లు ఇస్తాం. అప్పటికే 28 మీటర్లు అయిపోయాయి. బండి ఆగడానికి మరో 18 మీటర్లు. మొత్తం 46 మీటర్లు. బోర్డు పెట్టేవాళ్లు చాలాసార్లు ఈ లెక్కతోనే తృప్తి పడతారు.

కానీ ఆ రెండున్నర సెకన్లు తెలిసిన ప్రమాదానికి. ముందు కారు బ్రేకు వేసింది, మనమూ వేశాం, అలాంటిదానికి. అనుకోని సమాచారం ఎదురై, దాన్ని చదివి, అది తనకేనని గ్రహించి, ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సి వస్తే లెక్క మారిపోతుంది. ఊరి రోడ్ల మీద అలాంటి నిర్ణయానికి అమెరికా డిజైన్ లెక్కల్లో సుమారు 9 సెకన్లు ఇస్తారు. 9 సెకన్లలో అదే బండి 100 మీటర్లు పోతుంది. ఆగే దూరం కూడా కలిపితే 118. హెచ్చరిక 46 మీటర్ల ముందు ఉందా, 118 మీటర్ల ముందు ఉందా అన్నది ఒకటి. పక్కకు తిరగడానికి ఉన్న ఆఖరి వీధి ఆ బోర్డు తర్వాత ఉందా, ముందే దాటిపోయిందా అన్నది ఇంకొకటి. నేను ఏ సైటుకు వెళ్లినా మొదట చూసేది ఈ రెండే.

డర్హమ్ వాళ్లకు న్యాయంగా ఒక మాట చెప్పాలి. వీడియోల్లో మనం చూసేది ఎక్కువగా గుద్దుకున్న బండ్లనే. బోర్డు చూసి పీబాడీలోకి తిరిగిపోయిన ట్రక్కుల వీడియో ఎవరూ పది మందికి పంపరు. ఆ ఏర్పాటు ఎన్ని ఢీలను తప్పించిందో గుద్దుకున్న వీడియోలు లెక్కపెడితే తేలదు. 2016 ఏర్పాటు వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ మిగిలిపోయిన డ్రైవర్లకు ఇంకో హెచ్చరిక అదే రకంగా పెట్టడం వల్ల ఉపయోగం లేదు.

తగిలితేనే తెలిసేవాళ్లకు

కంటికి ఎక్కని హెచ్చరిక చెవికో బండికో తగిలితే ఎక్కుతుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని మాంటెగ్యూ స్ట్రీట్ వంతెన ఎత్తు 3 మీటర్లే. అక్కడ 2016లో వంతెనకు ముందు రోడ్డుకు అడ్డంగా గ్యాంట్రీలు (ఇనుప చట్రాలు) నిలబెట్టి, వంతెన ఎత్తుకు సరిగ్గా వచ్చేలా పలకలు వేలాడదీశారు. ఎత్తైన బండి వాటికి తగిలితే పెద్ద చప్పుడవుతుంది, బండికి పెద్దగా నష్టం ఉండదు. ఆ తర్వాత కూడా అక్కడ ఢీలు పూర్తిగా పోలేదు. చప్పుడు విన్నాక కూడా ఆగనివాళ్లు ఉంటారు. సిడ్నీ హార్బర్ టన్నెల్‌లో ఇంకా ముందుకు వెళ్లారు. చివరి హెచ్చరికగా రోడ్డుకు అడ్డంగా నీళ్ల తెర పడుతుంది, దాని మీద పెద్ద స్టాప్ గుర్తు వెలుగుతుంది. ఎదురుగా గోడ లేచినట్టే ఉంటుంది కాబట్టి కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. టన్నెల్ మూతపడితే సగం సిడ్నీ ఆగిపోతుంది కాబట్టి అక్కడ అంత ఖర్చు పెట్టొచ్చు. ఒక వీధి వంతెనకు అంత అక్కర్లేదు.

గ్రెగ్సన్ స్ట్రీట్‌కు నా సలహా అడిగితే, వేలాడే పలకలు పీబాడీ కంటే ముందు, తిరగడానికి ఇంకా వీలున్న చోట పెట్టమంటాను. తగిలిన చప్పుడు డ్రైవరుతో నేరుగా, నీ బండే, వేరే ఎవరిదో కాదు అని చెబుతుంది. ఇక ఎరుపు పడి ట్రక్కు ఆగి ఉన్న టైము చాలా విలువైనది. ఆ టైములో అక్షరాల బోర్డు కాకుండా, వంతెనకు తగులుతున్న ట్రక్కు బొమ్మ, పక్కన తిరగాల్సిన వైపు బాణం చూపిస్తే ఇంగ్లీషు రానివాడికి కూడా అర్థమవుతుంది. తర్వాత నేరుగా వెళ్లే పచ్చకు బదులు పక్కకు తిరిగే బాణం మాత్రమే పచ్చగా వెలగాలి. అలా చేస్తే వెనక ఉన్న కార్లు కాసేపు ఆగాల్సి వస్తుంది. అది భరించదగ్గ ఇబ్బంది.

2019 అక్టోబర్ చివర్లో, పట్టా యజమాని అయిన నార్త్ కరోలినా రైల్‌రోడ్ కంపెనీ సుమారు 5 లక్షల డాలర్లు ఖర్చు పెట్టి వంతెనను 8 అంగుళాలు లేపింది. ఇప్పుడు ఎత్తు 12 అడుగుల 4 అంగుళాలు. అటూ ఇటూ క్రాసింగుల వల్ల అంతకు మించి కుదరలేదు. కొన్ని వారాల్లోనే మళ్లీ ఒక ట్రక్కు తగిలింది. ఆ 8 అంగుళాలు వృథా కాలేదు, 11 అడుగుల 8 అంగుళాలకూ 12 అడుగుల 4 అంగుళాలకూ మధ్య ఉన్న బండ్లన్నీ బయటపడ్డాయి. చట్టం ఒప్పుకునే ఎత్తుకు మాత్రం ఇంకా 14 అంగుళాలు తక్కువే. హెచ్చరిక వ్యవస్థ అవసరం అలాగే ఉంది.

మన ఆర్‌యూబీల దగ్గర

బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులన్నింటినీ 2019 జనవరికల్లా మన రైల్వే తీసేసింది. చాలా చోట్ల వాటి బదులు లిమిటెడ్ హైట్ సబ్‌వేలు, అంటే ఎత్తు తక్కువ బండ్లు మాత్రమే పట్టే అండర్‌పాస్‌లు వచ్చాయి. ఆంధ్రా, తెలంగాణ పల్లెల్లో గడ్డి లారీ, వరికోత మిషన్ తీసుకెళ్లేవాళ్లకు వీటి సంగతి బాగా తెలుసు. ఇలాంటి చోట్ల ఆడిట్‌కు వెళ్లినప్పుడు డర్హమ్ కేసు నాకు పక్కనే ఉన్నట్టుంటుంది.

ఒక పట్టణం చివర ఆర్‌యూబీ దగ్గర చూసింది చెబుతాను. హైట్ గేజ్, అంటే ఎత్తైన బండ్లను ఆపడానికి రోడ్డుకు అడ్డంగా బిగించిన ఇనుప చట్రం, వంతెన నోటికి పది అడుగుల దూరంలో ఉంది. అడ్డ గడ్డర్ మధ్యలో కిందికి వంగి, దాని మీద రకరకాల లారీల రంగులు పొరలు పొరలుగా అంటుకుని ఉన్నాయి. ఎర్రది, ఆకుపచ్చది, కొత్తగా తగిలిన పసుపు. గేజ్ దాకా వచ్చిన లారీకి తిరగడానికి చోటు లేదు. రెండు వైపులా రిటెయినింగ్ గోడలు, వెనక ఆటోలు, బైకులు. రివర్స్ చెయ్యాలంటే టెన్షనే. ఆఖరి సందు అక్కడికి 150 మీటర్ల వెనక ఉంది, అక్కడ ఒక్క బోర్డు లేదు. డ్రైవరుకు విషయం తెలిసే చోట దారి లేదు, దారి ఉన్న చోట విషయం తెలియదు.

టేపు పెట్టి కొలిస్తే బోర్డు మీద రాసిన ఎత్తు కంటే అసలు ఎత్తు 9 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. కారణం తారు. బోర్డు రాశాక రోడ్డు మీద మళ్లీ పొర వేశారు. ఒక్కో పొర నాలుగైదు సెంటీమీటర్లు మింగేస్తుంది, బోర్డు మాత్రం పాత అంకే చెబుతుంది. ఎత్తు కొలిచేటప్పుడు రోడ్డు మధ్యలో ఒక్కచోట కొలిచి సరిపెట్టకూడదు. రోడ్డు మధ్యలో ఉబ్బుగా ఉంటుంది కాబట్టి అంచుల్లోనూ మధ్యలోనూ లేన్ వెడల్పంతా కొలిచి, అన్నింటిలోకీ తక్కువ వచ్చింది తీసుకోవాలి. అండర్‌పాస్‌లో రోడ్డు పల్లంలోకి దిగి లేస్తుంది. పొడుగు ట్రాలీ ముందు చక్రాలు ఎక్కడం మొదలుపెట్టాక కూడా వెనక చక్రాలు ఇంకా దిగుతూనే ఉంటాయి. మధ్యలో ట్రాలీ నేలకు అంటుకోదు, తేలినట్టు ఉంటుంది. అప్పుడు దాని పైభాగం పల్లం మధ్యలో మామూలు కంటే ఎత్తులో ఉంటుంది. టేపు లెక్కలో పట్టిన బండి అసలు కింద పట్టకపోవడానికి ఇదొక కారణం. బోర్డు మీద రాసే అంకెలో దీనికి కూడా తగ్గింపు వెయ్యాలి.

మా రిపోర్టులో రాసినవి పెద్ద ఖర్చువి కావు. హైట్ గేజ్‌ను వెనక్కి తీసుకెళ్లి ఆఖరి సందుకు ముందు పెట్టాలి, దానికి గొలుసులు వేలాడదియ్యాలి. సందు మొదట్లో బొమ్మతో, బాణంతో బోర్డు పెట్టాలి. వంతెన దగ్గర మిగిలే గేజ్‌ను రైలు రక్షణ కోసం అలాగే ఉంచాలి. బండి తగిలితే ఎవరైనా వెంటనే చెప్పగలిగేలా వంతెన నంబరు, రైల్వే హెల్ప్‌లైన్ 139 పెద్ద అక్షరాలతో గోడ మీద రాయాలి. దగ్గర్లోని రైస్ మిల్లులో, గడ్డి లోడింగ్ చేసే చోట నిలువు కర్ర ఒకటి పాతి, దాని మీద ఆర్‌యూబీ ఎత్తు దగ్గర ఎర్ర గీత గీయాలి. లోడు కట్టేవాళ్లకు బోర్డు చదవాల్సిన పని లేకుండా కర్ర పక్కన లారీ పెట్టుకుంటే తెలిసిపోతుంది. బండి లోడయ్యే చోటే తెలిస్తే రోడ్డు మీద ఆపాల్సిన పనే ఉండదు.

గేజ్ వెనక్కి జరిగింది, బోర్డు వచ్చింది, మిల్లులో కర్ర కూడా పాతారు. గొలుసులు చప్పుడు చేస్తున్నాయని పక్క ఇళ్లవాళ్లు అభ్యంతరం చెప్పారు. అది న్యాయమైనదే, గాలికి రాత్రంతా మోగేవి. గొలుసుల బదులు రబ్బరు పట్టీలు వేశాక సర్దుకుంది. ఇంకా తేలనిది తారు సంగతి. రోడ్డు పొర వేసే కాంట్రాక్టులో, పని అయ్యాక వంతెన కింద ఎత్తు మళ్లీ కొలిచి బోర్డు మార్చాలన్న షరతు చేర్చమని రాశాం. రోడ్డు ఒక శాఖది, వంతెన ఇంకో శాఖది. బోర్డు ఎవరు మార్చాలన్న దాని మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. ఈలోపు పాత బోర్డు మీద రాత్రి కూడా కనిపించే స్టిక్కర్ అంటించి, కొలిచిన అసలు ఎత్తు రాయించాం.